రిక్రూట్‌మెంట్‌లో బిడ్ రాలేదా? క్యాంపస్‌కు కొత్త సొరోరిటీ వస్తుంటే అందులో చేరడం ఎలా

సొరోరిటీ అంటే అమెరికా కాలేజీల్లో అమ్మాయిలు చేరే సంఘం. దాని రిక్రూట్‌మెంట్‌లో నీకు బిడ్, అంటే చేరమనే పిలుపు, రాలేదు. కౌన్సెలర్ ఫోన్ చేసి ఈసారి మ్యాచ్ కాలేదని మెల్లగా చెప్పింది. డార్మ్ కారిడార్ నిండా కొత్త టీషర్టులు వేసుకున్న అమ్మాయిల కేకలు. ఇంట్లో అమ్మకు ఏం చెప్పాలో తెలియడం లేదు, ఎందుకంటే రిక్రూట్‌మెంట్‌కు వెళ్తున్న సంగతే ఆవిడకు సగం సగం చెప్పావు. సరిగ్గా ఇలాంటప్పుడు మీ క్యాంపస్‌కు ఒక కొత్త సొరోరిటీ వస్తోందన్న పోస్టరు కంటపడితే ఏం చెయ్యాలన్నదే ఈ వ్యాసం.

నేను పదో తరగతి దాకా తెనాలిలో చదివాను. తర్వాత నాన్న ఉద్యోగం వల్ల టెక్సాస్ వచ్చేశాం. ఇక్కడ ఒక స్టేట్ యూనివర్సిటీలో చేరిన ఏడాది ఫార్మల్ రిక్రూట్‌మెంట్‌కు వెళ్తే నన్నెవరూ తీసుకోలేదు. మరుసటి ఏడాది మా క్యాంపస్‌కు కొత్తగా వచ్చిన సొరోరిటీలో ఫౌండింగ్ మెంబర్‌గా చేరాను. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటూ, మా సంస్థ ఎక్కడైనా కొత్త చాప్టర్, అంటే ఒక క్యాంపస్‌లో తన శాఖ, పెడుతుంటే వాలంటీరుగా వెళ్ళి ఇంటర్వ్యూలు చేస్తుంటాను. సంస్థ పేరు కావాలనే రాయడం లేదు. ఏ సంస్థలోనైనా పద్ధతి కాస్త అటూ ఇటూగా ఇదే.

అన్నిటికంటే ముందు తెలుసుకోవాల్సింది ఒకటుంది. పాత చాప్టర్ ఒక అమ్మాయిని చూసినప్పుడు "మా వాళ్ళతో ఈమె కలుస్తుందా" అని ఆలోచిస్తుంది. కొత్త చాప్టర్‌లో కలవడానికి ఇంకా ఎవరూ లేరు. అక్కడ ఇంటర్వ్యూ చేసేవాళ్ళు "ఏమీ లేని చోట ఈ అమ్మాయి ఏం చేస్తుంది" అని చూస్తారు. ప్రశ్న మారింది కాబట్టి నువ్వు వెళ్ళే తీరు కూడా మారాలి.

ముందు ఆ "నో" సంగతి

ఇక్కడి పెద్ద సొరోరిటీలు చాలావరకు నేషనల్ పాన్‌హెలెనిక్ కాన్ఫరెన్స్ కింద ఉంటాయి. 1902లో మొదలైన ఈ సంఘాన్ని అందరూ ఎన్‌పీసీ అంటారు. ఫార్మల్ రిక్రూట్‌మెంట్‌కు ఇప్పుడు అధికారికంగా ప్రైమరీ రిక్రూట్‌మెంట్ అని పేరు. అందులో రౌండ్లు ఉంటాయి: మొదటి రోజుల్లో అన్ని చాప్టర్లనూ చుట్టి రావడం, తర్వాత సేవా కార్యక్రమాల గురించి ఒక రౌండు, సిస్టర్‌హుడ్ గురించి ఒక రౌండు, చివర్లో ప్రిఫరెన్స్. ఒక్కో రౌండు తర్వాత వాళ్ళు కొందరిని వదిలేస్తారు, మనమూ కొన్నిటిని వదిలేస్తాం.

ఎవరిని ఎంతమందిని పిలవాలన్నది చాప్టర్ ఇష్టం ఒక్కటే కాదు. రిలీజ్ ఫిగర్ మెథడాలజీ అని ఒక లెక్క ఉంది. వెనకటి సంవత్సరాల్లో పిలిచిన అమ్మాయిల్లో ఎంతమంది తిరిగి వచ్చారో చూసి, ఈ రౌండుకు ఇంతమందినే పిలవాలని ఒక్కో చాప్టర్‌కు ఒక సంఖ్య ఇస్తారు. బాగా గిరాకీ ఉన్న చాప్టర్ మొదటి రౌండు దాటగానే చాలామందిని వదిలేయక తప్పదు. అంటే అక్కడ కూర్చున్న అమ్మాయికి నువ్వు బాగా నచ్చినా, సంఖ్య దాటితే నీ పేరు పోతుంది. మన వైపు ఎంసెట్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఒక పక్క మన ఆప్షన్లు, ఇంకో పక్క సీట్లు, మధ్యలో కంప్యూటర్. తేడా ఏంటంటే అక్కడ అందరికీ కలిపి ఒకే ర్యాంకుల జాబితా, ఇక్కడ చాప్టర్‌కో జాబితా. మొదటి రౌండులో మాట్లాడుకునేది కొద్ది నిమిషాలే. ఆ కొద్ది నిమిషాల్లో, పాటలూ చప్పట్ల మధ్య, నీ పేరు ఎలా పలకాలో చెప్పడానికే సగం టైమ్ పోయి ఉంటుంది.

అలాగని అంతా లెక్కే అని కూడా నేను చెప్పను. 2013లో అలబామా యూనివర్సిటీ విద్యార్థుల పత్రిక 'ద క్రిమ్సన్ వైట్' ఒక కథనం వేసింది. మంచి మార్కులున్న ఒక నల్లజాతి అమ్మాయిని, రంగు కారణంగా, కొన్ని చాప్టర్లలో పూర్వ విద్యార్థినులు అడ్డుపడి రానివ్వలేదని అందులో సొరోరిటీల అమ్మాయిలే చెప్పారు. విద్యార్థులు ఊరేగింపు చేశారు. యూనివర్సిటీ అధ్యక్షురాలు జూడీ బోనర్ మళ్ళీ బిడ్‌లు ఇవ్వడానికి దారి తెరిపించారు, కొందరు నల్లజాతి అమ్మాయిలు ఆ తర్వాత చేరారు. మన రంగు, మన పేరు ఎక్కడా అడ్డు రాలేదని చెప్పి నిన్ను ఓదార్చడం నాకిష్టం లేదు. ఒక్కోసారి అడ్డు వస్తాయి. నీ విషయంలో కారణం లెక్కో, మనుషులో బయట నుంచి తేల్చుకోలేవు. ఎందుకు వద్దన్నారని ఎవరినీ అడగవద్దు కూడా, చెప్పరు. ఆ ప్రశ్నను అక్కడే వదిలిపెట్టి, ఎవరూ కూర్చోని కుర్చీలున్న చోటికి నడువు.

సంతకం పెట్టావా, ఏమని పెట్టావు?

ప్రిఫరెన్స్ రౌండు అయ్యాక, నీకు కావాల్సిన చాప్టర్ల ఆఖరి జాబితా ఇచ్చేటప్పుడు ఒక ఒప్పందం మీద సంతకం చేయిస్తారు. పొట్టిగా ఎంరాబా అంటారు. హడావిడిలో చాలామంది చదవకుండానే పెట్టేస్తారు. ఇప్పుడు నువ్వు కొత్త చాప్టర్‌లో చేరగలవా లేదా అన్నది చాలావరకు ఈ సంతకమే తేలుస్తుంది.

మధ్యలోనే వదిలేసి, ఒప్పందం దాకా రాకపోతే నీకు ఏ అడ్డూ లేదు. సంతకం పెట్టినా ఏ చాప్టర్‌తోనూ మ్యాచ్ కాకపోతే, అప్పుడూ అడ్డు లేదు. చిక్కల్లా మ్యాచ్ అయ్యి, ఆ బిడ్ వద్దనుకున్నవాళ్ళకే. నువ్వు జాబితాలో రాసిన చాప్టర్ నుంచే బిడ్ వచ్చి దాన్ని కాదంటే, అదే క్యాంపస్‌లో తర్వాతి ప్రైమరీ రిక్రూట్‌మెంట్ దాకా ఇంకే ఎన్‌పీసీ సొరోరిటీలోనూ చేరకూడదు. కొత్త చాప్టర్‌కూ ఇదే రూలు. బిడ్ తీసుకుని కొన్ని వారాల తర్వాత మానేసినా ఇంతే. ఇక పూర్తిగా ఇనీషియేట్ అయినవాళ్ళు, అంటే ఆచారం ప్రకారం పూర్తి మెంబర్లు అయిపోయినవాళ్ళు, మరో ఎన్‌పీసీ సంస్థలోకి ఎప్పటికీ వెళ్ళలేరు.

ఇంకా రిక్రూట్‌మెంట్‌కు వెళ్ళని అమ్మాయిలు ఎవరైనా ఇది చదువుతుంటే మీరూ గుర్తుపెట్టుకోండి. కొత్త సొరోరిటీ వస్తోందని ముందే తెలిసి, మనసు అటే ఉంటే, వెళ్ళనని తెలిసిన చాప్టర్ పేరు ఆఖరి జాబితాలో రాయకూడదు. సంతకానికి ముందే పక్కకు తప్పుకోవచ్చు, అది తప్పేమీ కాదు.

ఇంకో మెలిక కంటిన్యువస్ ఓపెన్ బిడ్డింగ్, అంటే సీఓబీ. సీట్లు మిగిలిన పాత చాప్టర్లు రిక్రూట్‌మెంట్ అయిపోయాక కూడా అమ్మాయిలను పిలుస్తుంటాయి. బాధలో ఉన్నప్పుడు ఎవరైనా పిలిస్తే వెంటనే ఒప్పేసుకోవాలనిపిస్తుంది. ఆ చాప్టర్ నిజంగా నచ్చితే సంతోషంగా చేరు. కానీ ఒప్పుకుని సంతకం పెట్టాక కొత్త చాప్టర్ తలుపు మూసుకున్నట్టే. అనుమానం ఉంటే క్యాంపస్‌లో సొరోరిటీల వ్యవహారాలు చూసే పాన్‌హెలెనిక్ ఆఫీసుకు ఒక ఈమెయిల్ పెట్టి, "నా ఎలిజిబిలిటీ ఏంటి" అని అడుగు. జవాబు రాతలో ఉంచుకో. స్నేహితురాలు చెప్పిన మాట మీద ఆధారపడే విషయం కాదిది.

కొత్త చాప్టర్ ఎక్కడి నుంచి ఊడిపడుతుంది?

క్యాంపస్‌లో చేరే అమ్మాయిలు పెరిగి చాప్టర్లు కిక్కిరిసిపోతే, అక్కడి పాన్‌హెలెనిక్ సంఘం ఓటు వేసి ఇంకో సంస్థను పిలుద్దామని నిర్ణయిస్తుంది. దీన్ని ఎక్స్‌టెన్షన్ అంటారు. ఆసక్తి ఉన్న సంస్థలు దరఖాస్తు పెడతాయి, వాటిలో కొన్ని క్యాంపస్‌కు వచ్చి ప్రెజెంటేషన్ ఇస్తాయి, చివరికి ఒకదాన్ని ఎంపిక చేస్తారు. ఒక్కోసారి ఏళ్ళ క్రితం మూతపడిన చాప్టర్‌నే మళ్ళీ తెరుస్తారు. అలాంటప్పుడు ఎందుకు మూతపడిందో అడిగి తెలుసుకోవడం నీ హక్కు.

ఆ తర్వాత హెడ్‌క్వార్టర్స్ నుంచి కన్సల్టెంట్లు దిగుతారు. వీళ్ళు సాధారణంగా ఈమధ్యే డిగ్రీ అయిపోయిన అమ్మాయిలు. ఒక్క మెంబర్ కూడా లేకముందే ఇన్‌స్టాగ్రామ్ అకౌంటు తెరుచుకుంటుంది. స్టూడెంట్ యూనియన్‌లో ఒక బల్ల, దాని మీద గుడ్డ, స్టిక్కర్లు, ఒక క్యూఆర్ కోడ్ కనిపిస్తాయి. కొన్నిచోట్ల ప్రైమరీ రిక్రూట్‌మెంట్ మొదటి రౌండ్లలో వీళ్ళు కూడా తమ గురించి చెప్పి పక్కకు తప్పుకుంటారు. బిడ్‌లు ఇచ్చే రోజు, అంటే బిడ్ డే, అయిపోయాక తమ సొంత రిక్రూట్‌మెంట్ మొదలుపెడతారు. కొన్నిచోట్ల అది మరుసటి సెమిస్టర్‌లో ఉంటుంది.

ఆ క్యూఆర్ కోడ్ వెనక ఉండే ఇంట్రెస్ట్ ఫారం మొదటి రోజుల్లోనే నింపు. ముందు వచ్చిన వాళ్ళకే సీటు అన్న రూలేమీ లేదు గానీ, కన్సల్టెంట్లు వాటిని చూసే ఒక్కొక్కరికి మెసేజ్‌లు పెట్టి కాఫీకి పిలుస్తారు. తొలి వారంలో వాళ్ళ దగ్గర టైమ్ ఎక్కువ. చివరి వారంలో ఒకరి తర్వాత ఒకరు వరసగా ఉంటారు.

రెండో, మూడో సంవత్సరం అమ్మాయిలకు ఒక మాట. పాత చాప్టర్లు చాలాచోట్ల మొదటి ఏడాది వాళ్ళనే ఎక్కువగా తీసుకుంటాయి. కొత్త చాప్టర్‌కు మాత్రం అన్ని సంవత్సరాల వాళ్ళూ కావాలి. అందరూ ఫస్ట్ ఇయర్ వాళ్ళే అయితే హాలు బుక్ చేయడం తెలిసినవాళ్ళు, ఏ ఆఫీసులో ఎవరిని కలవాలో తెలిసినవాళ్ళు ఎవరుంటారు? "నాకు వయసు దాటిపోయింది" అనుకుని ఫారం నింపకుండా ఊరుకోవద్దు.

కాఫీ బల్ల దగ్గర

ఇన్ఫర్మేషన్ సెషన్, ఒకటో రెండో చిన్న కార్యక్రమాలు, ఒకరితో ఒకరు కూర్చుని మాట్లాడే ఇంటర్వ్యూ, ఆ తర్వాత ప్రిఫరెన్స్ లాంటి ఒక సాయంత్రం, బిడ్ డే. ఇదీ మామూలు వరస. ఇందులో అసలు పని జరిగేది ఇంటర్వ్యూలోనే. పాత చాప్టర్ దగ్గర కొద్ది నిమిషాల్లో ముగిసిన పరిచయం ఇక్కడ ఇరవై నిమిషాలో, అరగంటో నడుస్తుంది. నిదానంగా మాట్లాడే మన అమ్మాయిలకు ఈ పద్ధతి చాలా మేలు చేస్తుందని నా గట్టి నమ్మకం.

"రిక్రూట్‌మెంట్‌కు వెళ్ళావా?" అని అడుగుతారు. దాచొద్దు. "వెళ్ళాను, మ్యాచ్ కాలేదు" అని మామూలుగా చెప్పు. దాంతో నీ మీద మచ్చ పడదు, ఆ గదిలో చాలామంది కథ అదే. పాత చాప్టర్ల మీద ఫిర్యాదులు మాత్రం మొదలుపెట్టొద్దు. రేపు ఆ చాప్టర్లతోనే కలిసి ఒకే పాన్‌హెలెనిక్‌లో కూర్చోవాలి, అందుకే ఇంటర్వ్యూ చేసేవాళ్ళు ఈ మాట జాగ్రత్తగా వింటారు.

తర్వాత వచ్చేది లీడర్‌షిప్ ప్రశ్న. మన పిల్లలు తడబడేది ఇక్కడే. ఒక క్యాంపస్‌లో నా ముందు కూర్చున్న నర్సింగ్ విద్యార్థిని "నేను హైస్కూల్లో ఏ క్లబ్‌కూ ప్రెసిడెంట్‌ని కాదు" అని చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరుకుంది. సరే, వారాంతాల్లో ఏం చేస్తావని అడిగాను. వాళ్ళ ఊళ్ళో బతుకమ్మ పండుగ పనులు అమ్మతో కలిసి తనే చూస్తుందట. స్కూల్ జిమ్ అద్దెకు తీసుకోవాలంటే ఈవెంట్ ఇన్సూరెన్స్ కాగితం కావాలని వాళ్ళు మెలిక పెడితే, ఆ కాగితం సంపాదించింది ఈ అమ్మాయే. తంగేడు, గునుగు ఇక్కడ దొరకవు కాబట్టి చామంతులు, బంతులు హోల్‌సేల్‌లో ముందే ఆర్డరు పెట్టింది. ఏ ఇంటి నుంచి ఏ ప్రసాదం వస్తుందో గూగుల్ షీట్‌లో రాసి, పేరు పెట్టి మర్చిపోయిన ఆంటీలకు ముందు రోజు ఫోన్లు చేసింది. ఎవరెవరు డబ్బులివ్వాలో కూడా ఆ షీట్‌లోనే. ఇవన్నీ పండుగ పనులే తప్ప లీడర్‌షిప్ కాదని ఆ అమ్మాయి అనుకుంటోంది. సొరోరిటీ చాప్టర్ ఒక ఈవెంట్ చేయాలంటే కావాల్సింది సరిగ్గా ఇవే: హాలు, ఇన్సూరెన్స్, ఆర్డరు, జాబితా, వసూళ్ళు. నేను పేజీ నిండా రాసుకున్నాను. ఆ చాప్టర్‌కు మొదటి ట్రెజరర్ ఆ అమ్మాయే అయింది.

కాబట్టి వెళ్ళే ముందు రాత్రి కూర్చుని ఒక కాగితం మీద రాసుకో. మనబడిలో చిన్నపిల్లలకు అక్షరాలు నేర్పావా? తానా సభల్లోనో, ఊరి గుళ్ళోనో వాలంటీరుగా రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర నిలబడ్డావా? తమ్ముడిని రోజూ స్కూలు నుంచి తీసుకొచ్చి, వాడి హోంవర్క్ చూసి, ఆ తర్వాత నీ చదువు చదువుకున్నావా? అక్కడ ఏ చిక్కు వచ్చింది, నువ్వేం చేశావు, చివరికి ఏమైంది అన్న మూడు ముక్కలు చెప్పగలిగితే చాలు. "నేను చాలా హార్డ్‌వర్కింగ్" అన్న మాట అందరూ అంటారు, ఎవరికీ గుర్తుండదు. ఇన్సూరెన్స్ కాగితం గుర్తుంటుంది.

"మొదటి ఈవెంట్‌కు ఆరుగురే వస్తే ఏం చేస్తావు?" లాంటి ప్రశ్న కూడా రావచ్చు. దీనికి ఇదే సరైన జవాబని ఒకటి లేదు. రాని వాళ్ళను తిట్టుకోకుండా వచ్చిన ఆరుగురి గురించి ఆలోచించే అమ్మాయి వైపు నేను మొగ్గుతాను.

పేరు సంగతి. నీ పేరు శ్రీవల్లి అయితే శ్రీవల్లి అనే చెప్పు, రెండుసార్లు నెమ్మదిగా పలికి నేర్పు. నీకే ముద్దుపేరు ఇష్టమైతే అది వేరే మాట. వాళ్ళ నోటికి కష్టమని పేరు కత్తిరించుకోనక్కర్లేదు. బట్టలు శుభ్రంగా, నీకు సౌకర్యంగా ఉంటే చాలు. కుర్తా వేసుకుని వచ్చిన అమ్మాయిలను నేను చాలామందిని చూశాను, అది ఎవరికీ అభ్యంతరం కాలేదు.

ఇంటర్వ్యూ అయిన రోజు సాయంత్రమే రెండు వాక్యాల థాంక్యూ మెసేజ్ పంపు, మాట్లాడుకున్న విషయం ఒకటి అందులో గుర్తుచెయ్యి. ఆ రాత్రి అనామక యాప్‌లు తెరిచి కొత్త చాప్టర్ "ర్యాంకు" గురించి ఎవరేం రాశారో చదవొద్దు. ఇంకా పుట్టని చాప్టర్‌కు ర్యాంకు వేసేవాళ్ళకు నీకు తెలిసినంత కూడా తెలియదు.

నువ్వు వాళ్ళను అడగాల్సినవి

ఇంటర్వ్యూలో చివర "నీకేమైనా ప్రశ్నలున్నాయా" అంటారు. మర్యాదకు లేవని చెప్పి లేచిపోవద్దు. కొత్త చాప్టర్ అంటే అంతా బాగుంటుందని ఏమీ లేదు, మెంబర్లు చాలక కొన్నేళ్ళకే మూతపడినవి ఉన్నాయి. అందుకని ముందు కన్సల్టెంట్ ఎన్నాళ్ళు ఇక్కడ ఉంటుందో అడుగు. ఒక విద్యా సంవత్సరమైనా క్యాంపస్‌లో ఉండి చేయి పట్టుకుని నడిపించే మనిషి ఉన్న చోట, మెంబర్లు అలిసిపోయి వెళ్ళిపోవడం తక్కువ. దగ్గర్లో పూర్వ విద్యార్థినులు ఉన్నారా, వాళ్ళు సలహాదారులుగా వస్తున్నారా అన్నది రెండో ప్రశ్న. ఊరికి రెండు వందల మైళ్ళ దూరంలో ఉండి జూమ్‌లో మాత్రమే కనిపించే సలహాదారు సరిపోదు.

ఇల్లు ఉంటుందా అని అడుగు, ఉండదని వినడానికి సిద్ధపడి అడుగు. చాలా కొత్త చాప్టర్లకు మొదట్లో క్లాస్‌రూములే మీటింగ్ హాళ్ళు. కొత్తగా చేరినవాళ్ళకు తోడుండే సీనియర్, అంటే బిగ్ సిస్టర్, కూడా మొదట ఉండదు, ఎందుకంటే నీకంటే ముందు ఎవరూ లేరు. చాలాచోట్ల పూర్వ విద్యార్థినులు ఆ స్థానంలో ఉంటారు, మరుసటి ఏడాది నువ్వే ఒకరికి అక్కవవుతావు. ఇల్లు, మెట్ల మీద ఫోటోలు, వరసగా నిలబడి పాటలు కావాలనుకుంటే అవి ఇక్కడ ఉండవు. వాటికోసమే వస్తే మొదటి సెమిస్టర్‌లోనే మనసు విరిగిపోతుంది.

ఆచారాల గురించి కూడా అడగొచ్చు. ఇనీషియేషన్ రహస్యంగా జరుగుతుంది, వివరాలు చెప్పరు. కొన్ని సంస్థల ఆచారాలకు క్రైస్తవ మూలాలున్నాయి, కొన్ని మొదటి నుంచీ ఏ మతానికీ చెందకుండా పెట్టినవి. "మతపరమైన ప్రమాణం ఏదైనా ఉంటుందా, మా ఇంట్లో మేము హిందువులం" అనో, "మేము ముస్లింలం" అనో సూటిగా అడగడంలో అమర్యాద లేదు.

అమ్మానాన్నలకు

ఈ భాగం అమ్మానాన్నల కోసం, కాబట్టి మీరు అని రాస్తున్నాను.

మీ మొదటి ప్రశ్న డబ్బు అని నాకు తెలుసు. ఫీజు క్యాంపస్‌ను బట్టి, ఇల్లు ఉందా లేదా అన్నదాన్ని బట్టి చాలా తేడాగా ఉంటుంది. ఇల్లు లేని కొత్త చాప్టర్ సాధారణంగా తక్కువలో అవుతుంది. మొదటి ఏడాది మాత్రం ఒకసారి కట్టే ఖర్చులు కలుస్తాయి: న్యూ మెంబర్ ఫీజు, ఇనీషియేషన్ ఫీజు, బ్యాడ్జి. సెమిస్టర్‌కు ఎంత, ఒకసారి కట్టేది ఎంత, వాయిదాలు ఉన్నాయా, మీటింగ్ తప్పితే జరిమానా ఉందా అన్నవన్నీ కాగితం మీద ఇవ్వమని అడగండి. బిడ్ ఒప్పుకోకముందే అడగండి. టీషర్టులు, ఫోటోలు, డ్రెస్సుల ఖర్చు ఆ కాగితంలో ఉండదు, దానికీ కొంత పక్కన పెట్టుకోండి.

రెండోది ర్యాగింగ్ భయం. ఇక్కడ హేజింగ్ అంటారు. 2024 డిసెంబరులో స్టాప్ క్యాంపస్ హేజింగ్ యాక్ట్ అనే ఫెడరల్ చట్టం వచ్చింది. కాలేజీలు తమ దగ్గర హేజింగ్‌కు పాల్పడినట్టు తేలిన సంస్థల వివరాలు బయటపెట్టాలని అది చెబుతోంది. మీ అమ్మాయి కాలేజీ వెబ్‌సైటులో ఆ నివేదిక కోసం వెతకండి. కొత్త చాప్టర్‌లో ఒక మేలు ఏమిటంటే, పైనుంచి "మమ్మల్నీ ఇలాగే చేశారు" అనే సీనియర్లు లేరు. అలవాట్లు ఎలా ఉండాలో ఈ పిల్లలే నిర్ణయిస్తారు.

చదువు దెబ్బతింటుందని భయపడేవాళ్ళు ఒకటి గమనించండి: చేరాలన్నా, కొనసాగాలన్నా కనీస జీపీఏ ఉండాలి. కానీ మొదటి సెమిస్టర్‌లో టైమ్ నిజంగానే చాలా పోతుంది. ఆర్గానిక్ కెమిస్ట్రీ తీసుకుంటున్న ప్రీమెడ్ అమ్మాయి అదే సెమిస్టర్‌లో చాప్టర్ ప్రెసిడెంట్‌గా ఉండటం నాకు మంచిదనిపించదు. మెంబర్‌గా ఉండమనండి, పదవి మరుసటి ఏడాది చూసుకోవచ్చు. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఇండియా నుంచి వచ్చిన అమ్మాయిలూ ఇందులో చేరొచ్చు. ఇది ఉద్యోగం కాదు, విద్యార్థి సంఘం.

ఇక్కడా రాకపోతే, లేదా ఇది నీకు సరిపడదనిపిస్తే

కొత్త చాప్టర్ కూడా వచ్చిన అందరినీ తీసుకోదు. అప్పుడు చూడాల్సిన ఇంకో దారి ఉంది, అది మన వాళ్ళు వేసినదే. దక్షిణాసియా అమ్మాయిల కోసం మొదలైన సొరోరిటీలు కొన్ని ఉన్నాయి. 1998లో ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీలో కాపా ఫై గామా, అదే ఏడాది హ్యూస్టన్ యూనివర్సిటీలో డెల్టా ఫై ఒమెగా, 1999లో టెక్సాస్ ఏ అండ్ ఎంలో డెల్టా కాపా డెల్టా పుట్టాయి. ఇవి ఎన్‌పీసీలో లేవు కాబట్టి వీటి పద్ధతి వేరు. మీ క్యాంపస్‌లో చాప్టర్ లేకపోతే కొందరు అమ్మాయిలు ఇంట్రెస్ట్ గ్రూపుగా ఏర్పడి జాతీయ సంస్థకు రాసి మొదలుపెట్టొచ్చు.

తలుపు దగ్గర ఆగిపోయిన అమ్మాయిలు తమకోసం ఒక ఇల్లు కట్టుకోవడం ఈ దేశంలో మనతో మొదలైన పని కాదు. 1908లో హోవార్డ్ యూనివర్సిటీలో నల్లజాతి విద్యార్థినులు ఆల్ఫా కాపా ఆల్ఫా పెట్టారు. 1909లో న్యూయార్క్ బర్నార్డ్ కాలేజీలో యూదు అమ్మాయిలు ఆల్ఫా ఎప్సిలాన్ ఫై పెట్టారు. 1913లో హంటర్ కాలేజీలో ఏ మతం వాళ్ళైనా చేరేలా ఫై సిగ్మా సిగ్మా మొదలైంది. ఇప్పుడు వాటికి దేశమంతా చాప్టర్లున్నాయి. వాటిలో ఒక్కొక్కటీ ఒకప్పుడు కొత్త చాప్టరే.

బిడ్ వచ్చాక

బిడ్‌కు జవాబివ్వడానికి గడువు ఉంటుంది, కొన్నిచోట్ల ఒక్క రోజే. అప్పటికల్లా ఫీజు కాగితం చదివి, ఇంట్లో మాట్లాడి ఉండాలి. ఒప్పుకున్నాక కొన్ని వారాలు న్యూ మెంబర్ కాలం నడుస్తుంది: సంస్థ చరిత్ర, నియమాలు, ఒకరినొకరు తెలుసుకోవడం. ఆ తర్వాత ఇనీషియేషన్, చాప్టర్‌కు అధికారికంగా చార్టర్ ఇచ్చే ఇన్‌స్టలేషన్. జాతీయ అధికారులు స్వయంగా వస్తారు కాబట్టి ఆ వారాంతం తేదీ మారదు. తేదీ చెప్పగానే సిలబస్‌లు తీసి, మిడ్‌టర్మ్ ఏదైనా దానికి అడ్డంగా ఉందేమో చూసుకుని, ఉంటే ప్రొఫెసర్‌తో ముందే మాట్లాడు. ముందురోజు అడిగితే ఎవరూ ఒప్పుకోరు.

మొదటి నెలల్లో ముప్పావు వంతు పని కమిటీల్లోనే జరుగుతుంది. బైలాస్ రాయాలి, బడ్జెట్ వెయ్యాలి, అప్పటిదాకా ఒకరికొకరు తెలియని అమ్మాయిలు ఆదివారం రాత్రి మీటింగ్‌లో కూర్చుని టీషర్టు రంగు మీద గంటసేపు వాదించుకుంటారు. ఆ మీటింగులకు వెళ్ళు. ఆఫీసర్ పదవి రాకపోతే ఏదో ఒక చిన్న కమిటీ తీసుకో: ఫిలాంథ్రపీ, చదువు, అలంకరణ, ఏదైనా. ఉద్యోగాల వేటలో రెజ్యూమేలో "ఫౌండింగ్ మెంబర్" అన్న రెండు పదాల కింద నువ్వు చేసిన పని ఒక లైన్‌లో రాయగలగాలి.

మరుసటి ఏడాది మీ చాప్టర్ కూడా ప్రైమరీ రిక్రూట్‌మెంట్‌లో బల్ల వేస్తుంది. ఆ సంవత్సరం నుంచి మీకూ రిలీజ్ ఫిగర్ సంఖ్య వస్తుంది, మీరూ కొందరిని వదిలేయాల్సి వస్తుంది. అప్పుడు ఓటు వేసే గదిలో నువ్వుంటావు. మీ క్యాంపస్‌లో సీఓబీ ఉంటే, మ్యాచ్ కాని అమ్మాయిల జాబితా ఇవ్వగలరా అని మరుసటి వారమే పాన్‌హెలెనిక్ ఆఫీసును అడిగి, సీట్లు ఖాళీ ఉంటే వాళ్ళకు ముందుగా మెసేజ్ పెట్టే పని మెంబర్‌షిప్ కమిటీలో నువ్వే తీసుకో.